ధర్మభిక్షం గారి ప్రజాజీవితాన్ని పదవులతో కొలవవద్దు

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఏటా ఫిబ్రవరి 15న జయంతికీ, మార్చి 26న వర్ధంతికీ బొమ్మగాని ధర్మభిక్షం గారి గురించి మన పత్రికల జిల్లా పేజీలలో వార్తలు వస్తూ ఉంటాయి. తెలంగాణ సాయుధ పోరాట యోధుడు, మూడుసార్లు శాసనసభ్యుడు, రెండుసార్లు లోక్‌సభ సభ్యుడు, గీత కార్మికుల నాయకుడు అన్న నాలుగు విశేషణాలు, పూలమాల వేస్తున్న నాయకుల ఫొటో, వారి పేర్లు, అంతటితో వార్త ముగుస్తుంది. అందులో అసత్యమేమీ లేదు. అయితే ఆ ఐదు విజయాల తేదీలను ఒక వరుసలో పెట్టి చూసిన వ్యాసం మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు. 1952, 1957, 1962, ఆ తరువాత 1991, 1996. మూడో శాసనసభ పదవీకాలం 1967లో ముగిసినప్పటి నుంచి లోక్‌సభలో అడుగుపెట్టేదాకా 24 సంవత్సరాల పాటు ఆయన చట్టసభ సభ్యులు కారు. ఆయనను దీర్ఘకాలం సేవలందించిన ప్రజాప్రతినిధిగా గౌరవించేవారు ఈ 24 ఏళ్ళను ఖాళీగా వదిలి ముందుకు సాగుతున్నారు. ఆయన ప్రాతినిధ్యానికి అసలైన ఆధారం ఆ ఖాళీలోనే ఉందని నా అభిప్రాయం. దానిని వివరించడానికి మీ పత్రికలో కొంత చోటు కోరుతున్నాను.

ధర్మభిక్షం గారు 1922లో నేటి సూర్యాపేట జిల్లా మోతె మండలంలోని ఊర్లుగొండ గ్రామంలో గీత వృత్తి కుటుంబంలో పుట్టారు. సూర్యాపేటలో చదువుకుంటూనే విద్యార్థి ఉద్యమంలోకి వచ్చి, పల్లెల నుంచి చదువుకోసం వచ్చే పేద పిల్లలకు ఉచితంగా వసతిగృహం నడిపారు. భిక్షం అన్న పేరుకు ముందు ధర్మం చేరింది అందువల్లనేనని జిల్లాలో ప్రసిద్ధి. ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ, సాయుధ పోరాటం, జైలు జీవితం అన్నవి ఆ తరం నల్లగొండ కార్యకర్తలందరి జీవితాలలోనూ దాదాపు అదే క్రమంలో వచ్చాయి కనుక వాటిని ఇక్కడ విస్తరించను. 1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగేనాటికి హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో ఆ పార్టీ వారు ప్రజాస్వామ్య ఫ్రంటు (పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్) పేరుతో, అంటే జనం నోట పీడీఎఫ్‌గా మిగిలిన పేరుతో, పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ఎన్నికలు అవే. సూర్యాపేట నుంచి ధర్మభిక్షం గారు హైదరాబాద్ శాసనసభకు ఎన్నికైనప్పుడు ఆయన వయస్సు ముప్ఫై ఏళ్ళు.

ఆ తరువాత జరిగింది నేటి పాఠకులకు కొంత వింతగా అనిపించవచ్చు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతపు సభ్యులు 1955లోనే ఎన్నికై ఉన్నందున 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలో మాత్రమే జరిగాయి. సూర్యాపేటలో గెలిచి ఉన్న ధర్మభిక్షం గారు ఈసారి నకిరేకల్ నుంచి పోటీ చేసి గెలిచారు. 1962లో నల్లగొండ నుంచి పోటీ చేసి గెలిచారు. మూడు ఎన్నికలు, మూడు నియోజకవర్గాలు, మూడు విజయాలు. కమ్యూనిస్టు పార్టీలో ఎవరు ఎక్కడ పోటీ చేయాలన్నది అభ్యర్థి ఇష్టాన్ని బట్టి గాక పార్టీ నిర్ణయాన్ని బట్టి జరుగుతుందన్నది నిజమే. అయినా ఒకసారి గెలిచిన స్థానాన్ని తన కుటుంబానికి దఖలు పడిన ఆస్తిగా భావించే నేటి ధోరణితో పోల్చి చూస్తే, కూడగట్టుకున్న పలుకుబడిని వదులుకొని పక్క తాలూకాకు వెళ్ళి మొదటి నుంచి మొదలుపెట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఇక్కడ మరో సంగతి కూడా ఉంది. సూర్యాపేట, నకిరేకల్, నల్లగొండ ఒకదానికొకటి ఆనుకొని ఉన్నా వాటి నీటి యోగం ఒకటి కాదు. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు కింద సాగయ్యే ఊళ్ళు ఒక తీరు, చెరువులు నిండితేనే పండే మెట్ట ఊళ్ళు మరొక తీరు, తాగే నీటిలోనే ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళు ఇంకొక తీరు. ఈ మూడింటికీ ప్రాతినిధ్యం వహించిన మనిషికి జిల్లా మొత్తం ఒక నియోజకవర్గంగా కనిపించి ఉంటుందని ఊహించడం అతిశయోక్తి కాదనుకుంటాను.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు ఆయన సీపీఐలోనే ఉండిపోయారు. ఆ చీలిక నల్లగొండ జిల్లాలో పార్టీ బలాన్ని రెండుగా చేసింది. ఆయన ఒకప్పుడు గెలిచిన నకిరేకల్‌లో 1967లో సీపీఎం నాయకులు నర్రా రాఘవరెడ్డి గారు గెలిచి, ఆ తరువాతి కాలంలో అక్కడ పలుమార్లు ఎన్నికయ్యారు. ధర్మభిక్షం గారికి మాత్రం శాసనసభలో మళ్ళీ స్థానం లభించలేదు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఐదు. రాజకీయ జీవితం ముగిసిందని ఇంటికి చేరుకునే వయస్సు కాదు, పార్టీ మారితే ఏదో ఒక పదవి దొరకని కాలమూ కాదు. ఆయన కల్లు గీత కార్మికుల సంఘ నిర్మాణాన్ని ప్రధానమైన పనిగా పెట్టుకున్నారు.

ఆ పని ఎంత పెద్దదో తెలియాలంటే పాత అబ్కారీ విధానాన్ని గుర్తు చేసుకోవాలి. నిజాం కాలం నుంచి వచ్చిన పద్ధతిలో కల్లు దుకాణాలను ప్రభుత్వం హర్రాజు వేసేది. ఎక్కువ పాట పాడిన కంట్రాక్టరుకు ఆ ప్రాంతపు తాటి, ఈత చెట్ల మీదా, కల్లు అమ్మకం మీదా హక్కు వచ్చేది. మోకు, ముత్తాదు నడుముకు తగిలించుకొని తెల్లవారకముందే ఒకసారి, పొద్దు వాలే వేళ మరొకసారి చెట్టెక్కే గౌడు తాను గీసిన కల్లును కంట్రాక్టరు చెప్పిన ధరకే అప్పగించవలసి వచ్చేది. చెట్టు మీది నుంచి పడి నడుము విరిగితే అది అతని కర్మ. కంట్రాక్టరుకు గాని సర్కారుకు గాని బాధ్యత లేదు. చెట్టు పట్టేదారు పొలం గట్టున ఉంటే అతనికీ ఏదో ఒకటి ముట్టజెప్పాలి. దున్నేవానికి భూమి కావాలన్న నినాదాన్ని సాయుధ పోరాటం ఊరూరా వినిపించింది గాని, గీసేవానికి చెట్టు కావాలన్న మాటను అంత గట్టిగా పట్టించుకున్నవారు అప్పటికి తక్కువ. ఆ నినాదాన్ని తెలంగాణ పల్లెలకు చేర్చిన గీత పనివారల సంఘానికి ధర్మభిక్షం గారు నాయకత్వం వహించారు.

కంట్రాక్టరును తప్పించి ఊరి గీతగాళ్ళే సహకార సంఘంగా ఏర్పడి, ప్రభుత్వానికి చెల్లించవలసినది తామే చెల్లించి, చెట్లను తమలో తాము పంచుకొనే విధానం కోసం జరిగిన పోరాటం అది. గీత కార్మికుల సహకార సంఘాలు, సంఘం లేని చోట గీసేవారికే నేరుగా లైసెన్సు ఇచ్చే పద్ధతి, చెట్టు మీది నుంచి పడి చనిపోయినవారి కుటుంబాలకూ అంగవైకల్యం పొందినవారికీ ఎక్స్‌గ్రేషియా, వృద్ధ గీత కార్మికులకు పింఛను అన్నవి ఒక్క రోజులో గాని, ఒక్క జీవోతో గాని వచ్చినవి కావు. వాటన్నిటినీ ఒక్క వ్యక్తి ఖాతాలో వేయడం ఆయన పక్కన నడిచిన కార్యకర్తలకు అన్యాయం చేయడమే అవుతుంది. ఆయన స్వయంగా కూడా దానిని ఒప్పుకొని ఉండరు. అయినా కులసంఘం వేరు, కార్మిక సంఘం వేరు అన్న గీతను చెరిపివేయకుండా ఒక కులవృత్తిలో ఉన్నవారిని కార్మికులుగా నిలబెట్టి మాట్లాడించిన ఘనతలో ఆయనకు పెద్ద వాటా ఉంది. ఇది జరిగింది ఆయన శాసనసభ వెలుపల ఉన్న సంవత్సరాలలో. చెట్టు మీది నుంచి జారినా పడిపోకుండా ఆపే రక్షణ సామగ్రిని కాటమయ్య రక్ష పేరుతో ప్రభుత్వం పంచడం మొదలుపెట్టింది 2024లో అన్న సంగతిని దీని పక్కన పెట్టి చూస్తే, గీత కార్మికుని ప్రాణానికి విలువ కట్టడంలో ఎన్ని ప్రభుత్వాలు ఎంత తీరిగ్గా వ్యవహరించాయో అర్థమవుతుంది.

1991లో ఆయన నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పటికి ఆయనకు 69 ఏళ్ళు. తెలుగుదేశంతో వామపక్షాలకు ఉన్న పొత్తు ఆ విజయానికి తోడ్పడిందన్నది దాచవలసిన విషయం కాదు. 1996లోనూ అంతే. అయితే పొత్తు ఓట్లను తెస్తుంది గాని అభ్యర్థిని తేదు. పాతికేళ్ళ పాటు ఏ చట్టసభలోనూ లేని ఒక వృద్ధ నాయకుణ్ణి జిల్లా ఓటర్లు గుర్తుపట్టడానికి తాటివనాలలో గడిచిన ఆ సంవత్సరాలే కారణమని నేను భావిస్తున్నాను.

ఇక 1996 ఎన్నికల సంగతి. ఆయన అభిమానులు రాసే వ్యాసాలలో దీని ప్రస్తావన తరచుగా ఒక్క వాక్యంతో సరిపోతుంది. ఆ ఏడాది నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. అభ్యర్థులందరి పేర్లు పట్టే బ్యాలెట్ పత్రం పుస్తకమంత తయారు కావడంతో పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. జల సాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ పీడిత గ్రామాల రైతులు, సామాన్యులు వందల సంఖ్యలో నామినేషన్లు వేశారు. గెలవాలన్నది వారి ఉద్దేశం కాదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ తవ్వి కృష్ణా నీళ్ళు ఇవ్వాలనీ, పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిపోయి, చిన్నతనంలోనే నడవలేని స్థితికి వచ్చిన పిల్లల ఊళ్ళకు తాగే నీరైనా ఇవ్వాలనీ దేశానికి వినిపించడమే వారి ఉద్దేశం. ఫలితాలు వచ్చేసరికి 477 మంది డిపాజిట్లు కోల్పోయారు. ధర్మభిక్షం గారు రెండోసారి గెలిచారు.

దీనిని ఆయన ప్రజాదరణకు నిదర్శనంగా మాత్రమే చెప్పుకోవడం సరికాదు. అంతకుముందు ఐదేళ్ళు ఆ స్థానానికి సభ్యులుగా ఉన్నది ఆయనే. ఆ ఐదేళ్ళలో నీటి గోడు ఢిల్లీకి వినబడలేదన్న ఆవేదనతోనే గదా అంతమంది బరిలోకి దిగింది! నీటి పథకాలు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటాయనీ, ప్రతిపక్షంలో ఉన్న ఒక్క ఎంపీ చేయగలిగింది పరిమితమనీ వాదించవచ్చు. ఆ వాదనలో బలం ఉంది. అయినా ఆ 480 నామినేషన్లు ఏ ఒక్క నాయకుడి మీదనో కోపంతో వచ్చినవి కాకపోయినా, నాయకులందరి మీదా, అందులో ఆయన మీద కూడా, వచ్చిన ఫిర్యాదు అని ఒప్పుకోవడమే నిజాయితీ. ఆ ఫిర్యాదు చేసిన జిల్లాయే ఆయనను మళ్ళీ గెలిపించిందన్నది కూడా అంతే నిజం. ఓటరు ఒక మనిషిని నమ్ముతూనే నిలదీయగలడన్న ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పినప్పుడే ఆయన చరిత్ర పూర్తవుతుంది.

తరువాత ఏం జరిగిందో చూడండి. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థి కట్టవలసిన డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు, శాసనసభ అభ్యర్థి కట్టవలసిన దానిని 250 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీకి చెందని అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలన్న నిబంధన కూడా చేర్చారు. కారణం నల్లగొండ ఒక్కటే కాదు. తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో అదే ఏడాది వెయ్యి మందికి పైగా పోటీ చేశారు. కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో 456 మంది నిలబడ్డారు. ఎన్నికల యంత్రాంగం అవస్థ కూడా కాదనలేనిది. కాని రైతులు నామినేషన్ పత్రం మీద రాసి ఇచ్చిన అర్జీకి పార్లమెంటు నుంచి వచ్చిన మొదటి సమాధానం డిపాజిట్ ఇరవై రెట్లు పెరగడమే. అప్పటి 11వ లోక్‌సభలో ధర్మభిక్షం గారు సభ్యులు, ఆయన పార్టీకి చెందిన ఇంద్రజిత్ గుప్తా గారు కేంద్ర హోంమంత్రి. ఆ సవరణపై చర్చ జరిగినప్పుడు నల్లగొండ గురించి సభలో ఎవరేమి మాట్లాడారన్నది ఈ జిల్లా పాఠకులకు నేటికీ తెలుగులో అందుబాటులో లేదు. 1997 డిసెంబరులో ఆ సభ రద్దయింది. 1998లో నల్లగొండ నుంచి అదే పార్టీకి చెందిన సురవరం సుధాకర్‌రెడ్డి గారు గెలిచారు. ధర్మభిక్షం గారు మళ్ళీ ఏ చట్టసభకూ వెళ్ళలేదు.

కాలువ మాటకొస్తే, ఎత్తిపోతల రూపంలో ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) నీళ్ళు జిల్లాలో కొన్ని మండలాలకు వచ్చాయి. ఇంటింటికీ నల్లా నీరు వచ్చిన తరువాత ఫ్లోరైడ్ బాధ చాలావరకు తగ్గింది. అసలు కోరిన శ్రీశైలం ఎడమగట్టు కాలువకు నీళ్ళు తేవలసిన సొరంగ మార్గం మాత్రం దాదాపు 44 కిలోమీటర్ల పొడవున తవ్వవలసి ఉండగా ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న అందులో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయిన దుర్ఘటన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ధర్మభిక్షం గారు 2011లోనే కన్నుమూశారు. 1996లో నామినేషన్లు వేసినవారిలో కూడా ఎందరో ఆ సొరంగం నీళ్ళు చూడకుండానే పోయి ఉంటారు.

ఆయన నిరాడంబరత గురించి నేను రాయకపోవడానికి కారణం ఉంది. మన పత్రికలలో పాతతరం కమ్యూనిస్టు నాయకుల గురించి వచ్చే రచనలలో బస్సు ప్రయాణాలు, ఖద్దరు చొక్కా, సొంత ఇల్లు లేకపోవడం వంటి సంగతులే సింహభాగం ఆక్రమిస్తున్నాయి. అవి గొప్ప గుణాలే. కాని ఒక శాసనసభ్యుణ్ణి ఆయన ప్రయాణించిన వాహనాన్ని బట్టి గుర్తుంచుకోవడం మొదలుపెడితే, ఆయన సభలో ఏ బిల్లు మీద ఏమి మాట్లాడారు, ఎక్కడ ఓడిపోయారు, ఏ విషయంలో తన పార్టీని ఒప్పించలేకపోయారు అన్న ప్రశ్నలు మనకు తట్టవు. ధర్మభిక్షం గారు మనకు మిగిల్చిపోయిన అత్యంత విలువైన సాక్ష్యం శాసనసభ రికార్డులలోనే ఉంది. దానిని చదివేవారు మాత్రం లేరు.

హైదరాబాద్ శాసనసభలో సభ్యులు తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలలో మాట్లాడేవారు. ఆ చర్చలు సంపుటాలుగా అచ్చయ్యాయి. కౌలుదారు చట్టం అమలు, బేదఖళ్ళు (కౌలుదార్లను భూమి నుంచి వెళ్ళగొట్టడం), అబ్కారీ హర్రాజు, రైతుల మీద పెట్టిన పోరాటకాలపు కేసులు వంటి విషయాల మీద నల్లగొండ, ఖమ్మం, వరంగల్లు సభ్యులు ఆ నాలుగైదేళ్ళలో ఏమి అడిగారో, మంత్రులు ఏమి జవాబిచ్చారో అందులో ఉంటుంది. 1956 తరువాతి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చర్చలూ అంతే. 2022లో ధర్మభిక్షం గారి శతజయంతి సందర్భంగా సభలు జరిగాయి, ఉపన్యాసాలు జరిగాయి. ఆయన స్వయంగా చేసిన ఉపన్యాసాలు మాత్రం సామాన్య పాఠకుడి చేతికి నేటికీ అందలేదు.

కాబట్టి నా విన్నపాలు రెండు. మొదటిది తెలంగాణ శాసనసభ సచివాలయానికి: 1952 నుంచి 1967 వరకు నల్లగొండ జిల్లా సభ్యులు చేసిన ప్రసంగాలను, అడిగిన ప్రశ్నలను, వాటికి వచ్చిన జవాబులతో సహా ఏర్చి కూర్చి, ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నవాటిని తెలుగులోకి తెచ్చి, తక్కువ ధరకు ప్రచురించాలి. పొగడ్తల పీఠికలు అవసరం లేదు. సభాపతి వారించిన చోటు, సభ్యుడు తడబడిన చోటు కూడా ఉన్నవున్నట్టుగా ఉంటే చాలు. గీత కార్మిక సంఘాల కార్యాలయాలలో మిగిలి ఉన్న కరపత్రాలను, మహాసభల తీర్మానాలను కూడా ఇందుకు జతపరచగలిగితే, ఆయన చట్టసభలో లేని 24 ఏళ్ళకు కూడా కొంత ఆధారం దొరుకుతుంది. ఆ కాగితాలను దాచినవారు వయస్సు మీద పడినవారు కనుక ఈ పనిలో జాప్యం తగదు.

రెండవది మీ పత్రికకు. వచ్చే ఫిబ్రవరి 15న జిల్లా పేజీలో పూలమాల ఫొటోకు కేటాయించే చోటులో, ధర్మభిక్షం గారు హైదరాబాద్ శాసనసభలో మాట్లాడిన ఏదైనా ఒక ప్రసంగ భాగాన్ని తేదీతో సహా ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సూర్యాపేట.